నాట్యం నేర్చుకునేవారి కాలినొప్పి

కాలితో నేలను గట్టిగా తాటించి ఆడే ఆటలు పెన్‌పహాడ్ ప్రాంతానికి కొత్తవి కావు. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి గుట్టపై రెండేళ్ళకొకసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. అక్కడ గజ్జెల లాగులు తొడిగి భేరీల మోతకు అడుగులు వేసేవారిని చూడనివారు ఈ చుట్టుపట్ల అరుదు. పెన్‌పహాడ్ మండలంలోని నాగులపహాడులోను, సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలోను కాకతీయుల నాటి ఆలయాలున్నవి. ఆ కాకతీయుల గజసేనాధిపతి జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళిని రచించినాడు. అందులో వర్ణితమైన పేరిణి నృత్తాన్ని ఇరవయ్యవ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పునరుద్ధరించారు. ఇక కోదాడ మీదుగా విజయవాడ దాటి పోతే కూచిపూడి గ్రామమే ఉన్నది. కూచిపూడి అడవులైనా, పేరిణి అయినా, జాతరలో చిందైనా, పాదం నేలను తాకే క్షణంలో కాలి ఎముకపై పడే భారం విషయంలో ఇవన్నీ ఒక్కటే.

ఈ విషయం పాఠశాలలో బయటపడే సమయం ఒకటున్నది. ఏడాదిలో ఎక్కువ భాగం పిల్లలు నాట్యం జోలికి పోరు. వార్షికోత్సవానికి మూడు నాలుగు వారాల ముందు ఒక అంశం ఎంపిక అవుతుంది. ఆనాటి నుండి సాయంకాలం రెండేసి గంటలు, సెలవు దినాలలో మూడేసి గంటలు అభ్యాసం నడుస్తుంది. నేల సిమెంటుదో, నాపరాతి బండలదో అయి ఉంటుంది. రెండవ వారం గడిచేసరికి ఒకరిద్దరు పిల్లలు కూర్చున్నప్పుడల్లా మోకాలికి దిగువను, కాలి లోపలి వైపు ఎముకను రుద్దుకుంటూ కనిపిస్తారు. “కొత్తలో అందరికీ ఉంటుంది, ఆడుతూ పోతే అదే పోతుంది” అనే మాట అప్పుడు తప్పక వినబడుతుంది. ఆ మాటలో సగం నిజమున్నది. మిగిలిన సగం వల్లనే కొందరి ఎముక పగిలే స్థితికి వస్తున్నది.

ఎముక కట్టె కాదు

మోకాలికీ చీలమండకూ నడుమ రెండు ఎముకలున్నవని విద్యార్థులు ఎరుగుదురు. వాటిలో లావైనది, శరీర భారాన్ని ప్రధానంగా మోసేది అంతర్జంఘిక. సన్నగా బయటి వైపున ఉన్నది బహిర్జంఘిక. అంతర్జంఘిక లోపలి ముఖంపై కండ లేదు. చర్మం కిందనే ఎముక చేతికి తగులుతుంది. మంచం కోడు తగిలినప్పుడు అక్కడ అంత బాధ కలగటానికి కారణమదే. ఈ ఎముక పొడవునా ఒకే మందంతో లేదు. మధ్యభాగమూ కింది మూడవ భాగమూ కలిసేచోట అది అన్నిటికన్న సన్నగా ఉన్నది. నర్తకుల నొప్పి ఎక్కువగా ఆ చోటు నుండి దిగువకు, లోపలి వెనుక అంచు వెంబడి వస్తుంది.

అస్థిపంజరాన్ని ప్రయోగశాలలో చూచినవారికి ఎముక ఎండు కట్టె వంటిదన్న భావం కలుగుతుంది. బ్రతికి ఉన్న ఎముక అట్టిది కాదు. దానిలో రక్తం ప్రవహిస్తుంది, పై పొరలో నాడులున్నవి. దానిలో రెండు జట్ల పనివారు ఎడతెగక పని చేస్తూ ఉంటారు. ఒక జట్టు కణాలు పాతబడిన ఎముకను కరిగించి తీసివేస్తవి. మరొక జట్టు అక్కడ కొత్త ఎముకను కట్టుతవి. భారం ఎక్కడ ఎక్కువ పడితే అక్కడ ఎముక మందమవుతుందనీ, భారం లేనిచోట పలుచబడుతుందనీ జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో ప్రకటించినాడు. ఆయన చెప్పిన వివరాలలో కొన్ని తరువాత సవరణ పొందినా మూలసూత్రం నిలిచినది. భారం లేక రోదసిలో నెలల తరబడి గడిపి వచ్చిన వ్యోమగాముల కాలి ఎముకలు పలుచబడటం అందుకు నిదర్శనం. ఏళ్ళ తరబడి క్రమంగా నాట్యం చేసినవారి కాలి ఎముక సాధారణుల ఎముక కన్న దృఢంగా ఉండటానికీ ఇదే కారణం. “ఆడుతూ పోతే అదే పోతుంది” అన్న మాటలో నిజమైన సగం ఇది.

కాని ఈ మరమ్మతులో ఒక చిక్కున్నది. కరిగించే జట్టు ముందు వస్తుంది, కట్టే జట్టు వెనుక వస్తుంది. ఒకచోట పాత ఎముకను తొలచటానికి సుమారు మూడు వారాలు చాలును. అక్కడ కొత్త ఎముకను కట్టి, ఖనిజాలతో గట్టిపరచటానికి మూడు నెలలో, అంతకన్న ఎక్కువో పడుతుంది. పాత ఇంటి గోడను బలపరచదలచి మేస్త్రీ ముందుగా కొన్ని ఇటుకలు ఊడదీస్తాడు గదా! ఆ నడిమి రోజులలో గోడ మునుపటి కన్న బలహీనంగా ఉంటుంది. సరిగా ఆ రోజులలోనే పైకప్పు మీద ధాన్యపు బస్తాలు ఎక్కిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. వార్షికోత్సవపు అభ్యాసం మూడవ, నాలుగవ వారాలలో ఉధృతమవుతుంది. ఎముక ఊడదీసిన గోడవలె ఉండేది కూడా అప్పుడే.

అందుచేత నొప్పికి కారణం నాట్యం కాదు, నాట్యం ఎంత చేసినారన్నదే కూడా కాదు. ఎంత త్వరగా పెంచినారన్నది ప్రధానం. రోజూ గంటసేపు ఏళ్ళుగా ఆడే అమ్మాయికి ఏమీ కాకపోవచ్చును. ఏమీ ఆడని అమ్మాయి ఒక్కసారిగా రోజుకు రెండు గంటలు మొదలుపెడితే రెండు వారాలలో కుంటవచ్చును. కొత్తగా సైన్యంలో చేరినవారికి కవాతు శిక్షణ మొదటి కొద్ది వారాలలోనే ఇట్టి బాధలు ఎక్కువగా రావటం చాలాకాలంగా తెలిసిన సంగతి. ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే, కవాతు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టటాన్ని గురించి వ్రాసినాడు. 1895లో ఎక్స్-కిరణాలు కనుగొన్న తరువాత గాని అవి పాదపుటెముకల పగుళ్ళని తెలియలేదు.

ఒక చిన్న లెక్క

పదవ తరగతి విద్యార్థులు వేయదగిన లెక్క ఒకటున్నది. 40 కిలోల బరువున్న అమ్మాయి నేల నుండి 20 సెంటీమీటర్లు ఎగిరి దిగినదనుకొందాము. పాదం నేలను తాకిన తరువాత మోకాళ్ళు, చీలమండలు వంగుతూ శరీరాన్ని ఆపుతవి. ఆగే దూరం కూడా 20 సెంటీమీటర్లు అయితే కాళ్ళపై పడే సగటు బలం ఆమె బరువుకు రెట్టింపు, అనగా 80 కిలోల భారం. కాళ్ళు బిగదీసి 5 సెంటీమీటర్లలోనే ఆగితే అది బరువుకు ఐదు రెట్లు, 200 కిలోల భారం. సూత్రం తేలిక: పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించి, ఒకటి కలిపి, దానిని బరువుతో గుణించవలెను. ఇది సగటు మాత్రమే. తాకిన తొలి క్షణంలో పడే దెబ్బ ఇంతకన్న అధికం.

నర్తకికి దీనిలో ఒక ఇబ్బంది ఉన్నది. అరమండిలో ఉన్నప్పుడు మోకాళ్ళు ముందే వంగి ఉంటవి గనుక ఇంకా వంగటానికి మిగిలిన దూరం తక్కువ. పాదమంతా చదునుగా నేలపై కొట్టే అడుగులో ఆగే దూరం దాదాపు లేనట్లే. కాళ్ళకు చెప్పులుండవు. నేల రాతిబండ అయితే అది ఏమాత్రమూ లొంగదు. అలికిన మట్టి నేల, కింద ఖాళీ ఉన్న చెక్క వేదిక కొంచెం లొంగి ఆ దెబ్బలో కొంత తాము తీసుకొంటవి. పేడతో అలికిన వాకిట అభ్యాసం చేసిన వెనుకటి తరాలవారికి ఈ సూత్రం తెలియకపోయినా దాని ఫలితం దక్కినది. బండల మీద పలుచని జంపఖానా పరిస్తే జారిపడే ప్రమాదమే గాని దెబ్బ తగ్గదు. మందపాటి, జారని చాపలైతే మేలు.

ఎముకను కాపాడే మరొక సాధనం పిక్క కండ. కాలు నేలను తాకినప్పుడు అంతర్జంఘిక నిటారు స్తంభంవలె ఉండిపోదు, కంటికి తెలియనంత కొద్దిగా వంగుతుంది. పిక్క కండలు ఆ వంపును ఎదిరించి లాగుతవి. అభ్యాసం సాగి కండలు అలసినకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. మొదటి గంటలోని అడుగు కన్న రెండవ గంట చివరి అడుగు ఎముకను ఎక్కువగా వంచుతుంది. అదే కండల మూలాలు ఎముక లోపలి అంచున ఉన్న పొరను లాగటం చేత కూడా నొప్పి కలుగుతుందని ఒక అభిప్రాయమున్నది. రెండూ కొంతకొంత నిజమై ఉండవచ్చును. ఎముక వంపే ముఖ్యమన్న వైపు నేటి వైద్యుల మొగ్గు ఎక్కువ.

వేలితో చేసే పరీక్ష

ఉపాధ్యాయులకు అన్నిటికన్న ఉపయోగపడేది ఇదే గనుక కొంచెం వివరంగా చెప్పవలెను. వైద్యులు షిన్ స్ప్లింట్స్ అని పిలిచే సామాన్యపు నొప్పి, ఎముకలో ఏర్పడే సన్నని పగులు పూర్తిగా వేర్వేరు జబ్బులు కావు. ఎముకకు తగినంత వ్యవధి దొరకకపోతే మొదటిది రెండవదానికి దారి తీయవచ్చును. ఇంగ్లీషు శస్త్రవైద్యుడు మైకేల్ డెవాస్ 1958లో క్రీడాకారుల కాలినొప్పిని పరిశీలించి, వారిలో పలువురికి ఉన్నది అంతర్జంఘిక పగులేననీ, తొలి దినాలలో ఎక్స్-రేలో అది కనబడకపోవచ్చుననీ చూపినాడు.

పిల్లను కూర్చోబెట్టి, అంతర్జంఘిక లోపలి వెనుక అంచు వెంబడి చీలమండ నుండి పైకి బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోవలెను. ఐదు సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవున, అంటే దాదాపు మూడు వేళ్ళ వెడల్పుకు పైగా, ఎక్కడ నొక్కినా నొప్పి అంటే అది సామాన్యపు నొప్పి అయ్యే అవకాశమెక్కువ. అట్టి నొప్పి అభ్యాసం మొదలుపెట్టగానే వచ్చి, ఒళ్ళు వేడెక్కినకొద్దీ తగ్గి, ఆపిన తరువాత మళ్ళీ తలెత్తుతుంది. అట్లు కాక “ఎక్కడమ్మా నొప్పి?” అని అడిగినప్పుడు ఒక్క వేలి కొనతో ఒకే చోటు చూపితే, అక్కడ నొక్కినప్పుడు ఉలిక్కిపడితే, ఆడినకొద్దీ నొప్పి పెరుగుతూ పోయి తుదకు నడకలో కూడా ఉంటే, పగులును అనుమానించవలెను. ఆనాటి నుండి అభ్యాసం లేదు, వేదికా లేదు. ఉత్సవం నాలుగు రోజులలో ఉన్నా సరే, ఆ పిల్ల స్థానంలో మరొకరిని నిలుపుకోవలసినదే.

నొప్పి ఉన్న ఆ ఒక్క చోటు ఎముక ముందు అంచున, మధ్యభాగంలో ఉంటే మరింత జాగ్రత్త కావలెను. అక్కడ ఎముక సాగదీతకు గురి అవుతుంది, రక్తప్రసారం కూడా తక్కువ. అక్కడి పగులు నెలల తరబడి మానక, ఒకనాటి గెంతుతో పూర్తిగా విరగవచ్చును.

ఎక్స్-రే తీయించి “ఏమీ లేదన్నారు” అని మరునాడే ఆటకు దిగటం తరచు జరిగే పొరపాటు. పగులు మొదలైన రెండు మూడు వారాల దాకా ఎక్స్-రేలో ఏమీ కనబడకపోవచ్చును. అటు తరువాత దాని చుట్టూ కొత్త ఎముక ఏర్పడుతుండగా కనబడుతుంది. ఎం.ఆర్.ఐ. పరీక్షలో ముందుగానే తెలుస్తుంది గాని అది అందరికీ అందుబాటులో ఉండదు. కనుక వేలి పరీక్షలో అనుమానం కలిగితే ఎక్స్-రే ఎట్లున్నా విశ్రాంతి ఇచ్చి ఎముకల వైద్యునికి చూపటమే ఉచితం.

నాట్యంతో సంబంధం లేని నొప్పులు కూడా ఉన్నవి. రాత్రి నిద్ర లేపే నొప్పి, ఒక్క కాలిలోనే పెరుగుతున్న వాపు, జ్వరం, కారణం లేకుండా చిక్కిపోవటం, వీటిలో ఏది ఉన్నా విశ్రాంతి ఇచ్చి చూద్దామని ఆగకూడదు. ఎదిగే వయసులో ఎముకకు పట్టే చీము, కణితి వంటివి ఇట్లే మొదలవుతవి. ఆడుతుండగా పిక్క రాయిలా బిగిసి, పాదం తిమ్మిరెక్కి, ఆపిన కొద్ది నిమిషాలకు సర్దుకొనే బాధ మరొకటి. అది కండల అరలలో ఒత్తిడి పెరగటం వల్ల కలిగేది, దాని వైద్యం వేరు.

ఈ ప్రాంతపు నీటి సంగతి

సూర్యాపేట 2016 వరకు నల్లగొండ జిల్లాలో భాగం. ఆ జిల్లా పేరు చెప్పగానే ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి చేరుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపు ఉండటం మంచిది, వేరే నీరు లేనిచోట ఒకటిన్నర వరకు ఒప్పుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీరు ఏళ్ళ తరబడి తాగితే మొదట పళ్ళపై మచ్చలు, తరువాత కీళ్ళ బిగింపు, ఎముకల నొప్పులు వస్తవి. ఫ్లోరైడు ఎక్కువైన ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. దక్షిణ భారతంలో ఈ వ్యాధి నెల్లూరు జిల్లాలో ఉన్నట్లు 1937లో వెల్లడయింది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడినది. మిషన్ భగీరథ ద్వారా నదుల నీరు వచ్చిన తరువాత పరిస్థితి చాలా మారినది. అయినా బోరునీరు తాగే ఇండ్లు పూర్తిగా లేకపోలేదు.

పళ్ళపై మచ్చలున్నంత మాత్రాన నర్తకి కాలినొప్పి ఫ్లోరైడు వల్లనే అనుకోరాదు. ఆ మచ్చలు శైశవంలో తాగిన నీటికి గుర్తులు మాత్రమే. అయితే నొప్పి రెండు కాళ్ళలోనేగాక నడుములో, మోచేతులలో కూడా ఉంటే, ఆట మానినా తగ్గకపోతే, ఇంటి నీటిని పరీక్ష చేయించటం, వైద్యునితో ఆ మాట చెప్పటం అవసరం.

ఎముకకు కావలసిన ఆహారం గురించి పాఠ్యపుస్తకాలలో ఉన్నదే: పాలు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, పప్పు, గుడ్డు, ఎండ. నర్తకుల విషయంలో మరొకటి చేర్చవలెను. వేదికపై సన్నగా కనబడాలని తిండి తగ్గించే ఆడపిల్లలకు నెలసరి క్రమం తప్పుతుంది. నెలల తరబడి ఆగిపోవటం కూడా కలదు. దానిని శ్రమ వల్ల కలిగిన మామూలు సంగతిగా తీసుకోకూడదు. ఎముకను కాపాడే స్త్రీ హార్మోను తగ్గినదనటానికి అది గుర్తు. అట్టివారిలో పగుళ్ళు ఎక్కువ.

విశ్రాంతి అంటే ఏమిటి?

సామాన్యపు నొప్పికి కావలసినది మంచం ఎక్కటం కాదు. నేలను కొట్టే అడుగులు, గెంతులు, పరుగు మానవలెను. నడక నొప్పి లేనంతవరకు చేయవచ్చును. సైకిలు తొక్కవచ్చును, ఈత వచ్చినవారు ఈదవచ్చును. నాట్యంలో కాళ్ళతో పని లేని విద్య ఎంతో ఉన్నది: హస్తాలు, దృష్టిభేదాలు, గ్రీవాభేదాలు, అభినయం, తాళజ్ఞానం. కూర్చొని జతులు చేతితో వేస్తూ పలికే అలవాటు చేసుకొనటానికి ఇంతకన్న మంచి సమయం దొరకదు. కాలు కదపనిదే పాఠం లేదనుకొనే శిష్యులు, నిజానికి కొందరు గురువులు కూడా, ఈ భాగాన్ని చిన్నచూపు చూస్తారు.

నొప్పి ఎక్కువగా ఉన్న తొలి దినాలలో గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పావుగంట అద్దితే బాధ శమిస్తుంది. మంచు చర్మానికి నేరుగా తగలకూడదు. నూనె రాసి పిక్కను మెల్లగా మర్దించటం హాయినిస్తుంది. కాని నొప్పి ఉన్న ఎముక అంచునే బొటనవేళ్ళతో గట్టిగా పిసకటం వల్ల లాభం లేదు, పగులున్నచోట హాని కూడా. నొప్పి మాత్ర వేసుకొని ఆడటం అన్నిటికన్న చెడ్డది. నొప్పి తెలియకపోయినంత మాత్రాన ఎముకలో గోడ కట్టటం పూర్తి కాదు.

ఈ వ్యవధిలో పిక్కలకు బలం చేకూర్చుకోవలెను. మెట్టు అంచున ముందు పాదాలతో నిలిచి, గోడ ఆసరాతో మడమలను పైకెత్తి మెల్లగా దించటం ఒక మంచి వ్యాయామం. మోకాళ్ళు నిటారుగా ఉంచి కొన్ని సార్లు, కొంచెం వంచి కొన్ని సార్లు చేయవలెను. నొప్పి కలగకుండా పదిహేను సార్లు చొప్పున మూడు వరుసలు, రోజు విడిచి రోజు చేస్తే చాలును.

అరమండిని కూడా ఇప్పుడే సరిచూడవచ్చును. పాదాలు బయటికి తిరగటం తుంటి కీలు నుండి రావలెను. తుంటి తిరగకుండా పాదాలను మాత్రం బలవంతాన తిప్పితే మోకాళ్ళు లోపలికి వాలి, అరికాలి వంపు నేలకు అణగి, కాలి ఎముక మెలిపడుతుంది. ఎదుట నిలిచి చూచినప్పుడు మోకాటి చిప్ప పాదపు రెండవ వేలికి సూటిగా ఉండవలెను. అట్లు లేకపోతే పాదాలను కొంత తక్కువగా తిప్పినా నష్టం లేదు. గెంతి దిగినప్పుడు మడమ నేలకు పూర్తిగా ఆనుతున్నదో లేదో కూడా గమనించవలెను. మడమ ఆనకుండా వెంటనే మరల ఎగిరే పిల్లల పిక్కలకు విరామమే ఉండదు.

నడకలోను, మెట్లెక్కటంలోను, వేలితో నొక్కినప్పుడును కొన్ని రోజులపాటు నొప్పి లేకుంటే మళ్ళీ మొదలుపెట్టవచ్చును. కొందరికి రెండు మూడు వారాలు చాలును, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. పగులు ఉన్నవారికి వైద్యుడు చెప్పేవరకు ఆగవలెను. అది సాధారణంగా ఆరు వారాలకు తక్కువ కాదు. మొదట పది నిమిషాలు, మొదటి కాలంలోనే, గెంతులు లేకుండా, రోజు విడిచి రోజు. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ పోవచ్చును. ముందు సమయం పెంచవలెను, ఆపైన వేగం. రెండూ ఒకే వారంలో పెంచరాదు. ఆడిన సాయంత్రం కొంచెం బరువుగా ఉండి తెల్లవారేసరికి పోతే అదే మోతాదులో కొనసాగవచ్చును. మరునాడు ఉదయం మంచం దిగి మొదటి అడుగులు వేసేటప్పుడు నొప్పి ఉంటే ముందటి వారపు మోతాదుకు దిగవలెను.

గెంతులు, గజ్జెలు చివరన. గజ్జెల బరువు కాలి కొనన ఉంటుంది గనుక దానిని ఎత్తటానికీ ఆపటానికీ పిక్కలు అదనంగా శ్రమపడతవి. పైగా గజ్జె కట్టగానే, అది గట్టిగా మోగాలని పాదం మరింత గట్టిగా నేలను కొడుతుంది. మొదటి రోజులలో గజ్జె లేకుండా ఒక వరుస, కట్టుకొని ఒక వరుస చేయించి, రెండవ వరుసలో కాలి చప్పుడు ఎంత పెరిగినదో పిల్లలనే వినమనవలెను. డిసెంబరులోనో జనవరిలోనో ఉత్సవం ఉంటే ఈ లెక్కన అభ్యాసం దసరా సెలవులకు ముందే, రోజుకు పది నిమిషాలతో మొదలు కావలసి ఉంటుంది.